మానేసిన మందు మళ్ళీ మొదలైంది, ఇక నా వల్ల కాదా?

"ఎనిమిది నెలలు మందు ముట్టలేదు. పోయిన వారం మా తమ్ముడి గృహప్రవేశంలో తాగేశాను. అప్పటినుంచి రోజూ తాగుతున్నాను, ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మ మీద ఒట్టు వేసి మానేసినవాణ్ణి. ఇక నా వల్ల కాదేమో" అని అడిగావు.

వయసు ముప్పై ఒకటి అని రాశావు కాబట్టి తమ్ముడూ అని, నువ్వు అని పిలుస్తున్నాను, ఏమీ అనుకోకు. ఆ ఫంక్షన్‌కి వెళ్ళకుండా ఉండాల్సింది, ఆ స్నేహితులను వదిలెయ్ అని నీకు చాలామంది చెప్తారు. నీ ప్రశ్న చదవగానే నా కళ్ళు మాత్రం అమ్మ మీద ఒట్టు దగ్గర ఆగిపోయాయి. నన్ను నిలువునా ముంచింది కూడా ఒట్టే. అందుకని దాని గురించే రాస్తాను.

నాది మిర్యాలగూడ దగ్గర ఒక ఊరు. రైస్ మిల్లులో గుమస్తాగా ఇరవై ఏళ్ళు దాటింది. మొదట్లో శనివారం సిట్టింగ్ ఉండేది. తర్వాత రోజూ ఒక క్వార్టర్ అయింది. చివరికి పొద్దున లేవగానే చేతులు వణికితే, ఆ వణుకు ఆగడానికి ఒక నైంటీ. మధ్యలో రెండుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. ఆ 41 రోజులు నిష్ఠగానే ఉన్నాను. మాల తీసిన వారంలోపే రెండుసార్లూ మొదటికొచ్చాను. తప్పు మాలది కాదు. 41 రోజులు అయ్యాక ఏం చేయాలో నేను ఆలోచించుకోలేదు.

2019 ఉగాది రోజు నా భార్య నన్ను దేవుడి పటాల ముందు నిలబెట్టింది. కర్పూరం వెలిగించి, తొమ్మిదేళ్ళ మా పాపను తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది. "బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పు, జన్మలో ముట్టనని" అంది. పెట్టాను, చెప్పాను. కళ్ళ నీళ్ళు వచ్చాయి, అబద్ధం కాదు. పాపకు ఏమీ అర్థం కాలేదు. "నా తల మీద చెయ్యి ఎందుకు పెట్టినవ్ నాన్నా?" అని అడిగింది. ఉగాది కదా, దీవెన అన్నాను.

ఇక్కడ ఒక్క మాట, ఎవరైనా చదివేవాళ్ళు ఉంటే గట్టిగా గుర్తుపెట్టుకోండి. రోజూ తాగేవాడు ఒట్టు వేసి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మనిషి మతి తప్పినట్టు అయిపోవచ్చు. మూడో రోజు రాత్రి నాకు గోడ నిండా చీమలు పాకుతున్నట్టు కనపడింది. చీపురు తీసుకొని ఊడుస్తూ కూర్చున్నానట. నాకు సగమే గుర్తు. ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంచి, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు, నిద్ర మందులు ఇచ్చారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి వైన్స్ మూసేసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం ఎలా పరిగెత్తారో హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి మానే మొదటి వారం డాక్టర్ చేతిలోనే గడవాలి. నువ్వు ఇప్పుడు రోజూ తాగుతున్నానంటున్నావు కనుక నీకూ ఇదే చెప్తున్నాను.

సరే, ఏడు నెలలు గడిచాయి. ఆ ఏడాది సాగర్ నిండింది. నవంబర్ వచ్చేసరికి ఎడమ కాలువ కింద ఊళ్ళన్నింటి నుంచీ వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరాయి. రెండు రాత్రులు నిద్ర లేదు. తేమ చూడాలి, తూకం రాయాలి, చీటీ ఇవ్వాలి, ధర దగ్గర రైతులతో మాట పడాలి. వాళ్ళూ రెండు రోజులుగా ట్రాక్టర్ల కిందే పడుకుంటున్నారు, వాళ్ళ కోపం న్యాయమైందే. నేను అన్నం తిని ఒక పూట దాటింది, టీల మీదే నడుస్తున్నాను. రాత్రి రెండింటికి ఒక లారీ డ్రైవర్, బాగా తెలిసినవాడే, "చలిగా ఉందన్నా, ఒక్క నైంటీ" అని స్టీలు గ్లాసు ముందు పెట్టాడు. నేను వద్దనలేదు. ఆలోచించానని కూడా చెప్పలేను. చెయ్యి వెళ్ళింది, తీసుకుంది.

బాధలో తాగుతారని అందరూ అనుకుంటారు. ఆ రోజు నాకు ఏ బాధా లేదు. ఆకలి, నిద్రలేమి, అంతే. ఏడు నెలలు నిలబడ్డ మనిషిని పడగొట్టడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదని నా అనుభవం.

ఆ గుక్క గొంతు దిగకముందే పాప తల కళ్ళ ముందుకొచ్చింది. నూనె రాసి రెండు జడలు వేసిన తల. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఇదీ: ఒట్టు తప్పింది కదా, ఇక ఒకటైతే ఏంటి, నాలుగైతే ఏంటి. ఒట్టే లేకపోయి ఉంటే గ్లాసు కింద పెట్టేవాణ్ణేమో. పొద్దున ఇంటికెళ్ళి, ఇట్లా జరిగింది అని చెప్పేవాణ్ణేమో. కానీ ఒట్టు ఉంది. తాగానని చెప్పడమంటే, నా బిడ్డ ప్రాణాన్ని పణం పెట్టానని చెప్పడమే. ఆ మాట ఏ తండ్రి నోట వస్తుంది?

అందుకని దాచాను. పదహారు రోజులు. మిల్లు వెనకాల కిరాణా కొట్టులోనే బెల్ట్ షాపు. అక్కడ కొనుక్కొని, మిల్లు ఆవరణలో ఉన్న చెట్టు నుంచి జామాకులు కోసి నమిలి, వక్కపొడి వేసుకొని ఇంటికి వెళ్ళేవాణ్ణి. భార్య పక్కకు వస్తే ముఖం తిప్పుకునేవాణ్ణి. సీజన్ అలసట అనుకుంది పాపం. ఇన్నేళ్ళ తాగుడులో నేను పడ్డ కష్టమంతా ఒక ఎత్తు, ఆ పదహారు రోజుల దాపరికం ఒక ఎత్తు. తాగిన మత్తు కంటే ఆ భయం ఎక్కువగా ఉండేది, ఆ భయం పోవడానికి మళ్ళీ తాగేవాణ్ణి.

అందులో పన్నెండో రోజు పాపకు జ్వరం వచ్చింది. డెంగీ. ఆ ఏడాది తెలంగాణలో ఎక్కడ చూసినా డెంగీయే. మా వీధిలోనే ముగ్గురు పిల్లలకు వచ్చింది. అయినా నా మనసుకు దోమ కనపడలేదు, ఒట్టే కనపడింది. ప్లేట్‌లెట్లు మొదటి రోజు లక్ష, రెండో రోజు అరవై వేలు, మూడో రోజు 32 వేలు. రిపోర్టు చేతికొచ్చిన ప్రతిసారీ నేనే తగ్గిస్తున్నట్టు అనిపించేది. ఆస్పత్రి బాత్‌రూమ్‌లో తలుపు వేసుకొని, ప్యాంటు జేబులో ఉన్న సీసా మూత తీసి తాగాను. బయట వార్డులో బిడ్డకు సెలైన్ ఎక్కుతోంది. ఇది ఎవరికైనా చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది, కానీ నీకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఐదో రోజు కౌంట్ పెరిగింది. డాక్టర్ ఇక భయం లేదన్నారు. కారిడార్‌లో బెంచీ మీద నా భార్య పక్కన కూర్చొని మొత్తం చెప్పేశాను. లారీ దగ్గర గ్లాసు, జామాకులు, బాత్‌రూమ్, ఒట్టు తప్పినందుకే పాపకు ఇట్లా అయిందన్న భయం, అన్నీ. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అంది: "బిడ్డకు జ్వరం దోమ కుట్టి వచ్చింది. నీ వల్ల కాదు. తాగింది మాత్రం నువ్వే. రెండూ కలపకు." కాసేపాగి, "తప్పు నాదీ ఉంది, పిల్లను మధ్యలో పెట్టకుండా ఉండాల్సింది" అని ఏడ్చింది. ఆ రోజు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఇక ఒట్లు లేవు. తాగితే మాత్రం ఆ రాత్రే, నిద్రపోయేలోపు చెప్పాలి. చెప్పినప్పుడు ఆమె తిట్టకూడదు. అడగాల్సినవి మర్నాడు అడగాలి.

ఆ తర్వాత నేను తాగలేదా అంటే, రెండుసార్లు తాగాను. 2020లో ఒకసారి, 2021లో మా బాబాయి కొడుకు పెళ్ళిలో ఒకసారి. రెండుసార్లూ ఆ రాత్రే చెప్పాను. రెండుసార్లూ ఆ ఒక్క రాత్రితోనే ఆగిపోయింది. అప్పటినుంచి ఇప్పటివరకు మళ్ళీ లేదు. పదహారు రోజులకూ ఒక్క రాత్రికీ ఉన్న తేడా చెప్పడమే అని నేను రాసిస్తాను. ఎవరు వాదించినా ఒప్పుకోను.

నా ఒక్కడి మాటే కాదులే. అలన్ మార్లాట్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు ఉండేవాడు, తాగుడు మళ్ళీ ఎలా మొదలవుతుందన్నదే ఆయన పరిశోధన. మొదటి గ్లాసు కన్నా, అంతా అయిపోయింది, నేను పనికిరానివాణ్ణి అనుకునే ఆ ఆలోచనే మనిషిని పూర్తిగా వెనక్కి లాగుతుందని ఆయన చెప్పింది. నాకు ఇది మా నల్గొండ సైకియాట్రిస్టు చెప్పారు. ఆయనే ఇంకో మాట అన్నారు: "షుగరు పేషెంటు జిలేబీ తిని వస్తే ఒట్టు వేయిస్తామా? పరీక్ష చేసి, మందు మోతాదు చూస్తాం. ఇదీ అంతే." లివర్ పరీక్ష చేయించి నాల్ట్రెక్సోన్ అనే బిళ్ళ ఇచ్చారు. తాగాలన్న గుంజుడు తగ్గింది.

మందుల మాట వచ్చింది కాబట్టి ఈ బాధ కూడా చెప్పుకోవాలి. "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించండి" అని గోడల మీద, బస్టాండ్లలో కాగితాలు అంటిస్తారు. మా అక్క నా మీద ప్రేమతోనే అలాంటి పొడి ఒకటి తెచ్చి పులుసులో కలిపింది. సాయంత్రం తాగగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడ కొట్టుకొని, వాంతులతో కిందపడ్డాను. అందులో ఏముందో ఇప్పటికీ తెలియదు. డైసల్ఫిరామ్ అనే అసలైన మందు ఒకటి ఉంది, దానితో పాటు మద్యం పడితే ఒళ్ళు అట్లాగే తిరగబడుతుంది. అందుకే దాన్ని డాక్టర్లు రోగికి చెప్పి, ఒప్పుకున్నాకే ఇస్తారు. చెప్పకుండా కలిపితే గుండె జబ్బు ఉన్నవాడు చచ్చిపోవచ్చు. ఆ కాగితాలు అంటించేవాళ్ళను ఎవరూ అడగరెందుకో. అమ్మలూ, అక్కలూ, దయచేసి ఆ పని చేయకండి.

హైదరాబాద్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకు కూడా కొన్నాళ్ళు వెళ్ళాను. అక్కడ నన్ను ఎవరూ ఒట్టు అడగలేదు. జన్మలో తాగను అనే మాటే వాళ్ళు అనరు. ఈ ఒక్క రోజు తాగను, అంతే. అక్కడ ఒక పెద్దాయన చెప్పిన సంగతి నాకు చాలా ధైర్యం ఇచ్చింది. ఆ సంఘం 1935లో అమెరికాలో మొదలైంది. బిల్, డాక్టర్ బాబ్ అని ఇద్దరు తాగుబోతులు కలిసి మొదలుపెట్టారు. బిల్ పరిచయమయ్యాక డాక్టర్ బాబ్ మానేశాడు, కొన్ని వారాలకే వైద్యుల సమావేశానికని వేరే ఊరు వెళ్ళి అక్కడ మళ్ళీ తప్పతాగాడు. తిరిగొచ్చాక జూన్ 10న చివరిసారి తాగాడు. ఆ తేదీనే సంఘం పుట్టినరోజుగా లెక్కేస్తారు. స్థాపించిన మనిషే ఒకసారి జారి పడ్డాకే అది మొదలైంది, తమ్ముడూ.

మా నాన్న కూడా తాగేవాడు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడటం, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, అన్నీ మా ఇంట్లో మా అమ్మ దేవుడి వరంలా చెప్పుకునేది. ఆ తల్లులకు ఎంత దండం పెట్టినా తక్కువే. కానీ నాన్న ఆ నిషేధంలోనూ తండాల వైపు వెళ్ళి గుడుంబా తాగి వచ్చేవాడు. 1997లో నిషేధం ఎత్తేశారు. అమ్మ కూడా నాన్న చేత ఎన్ని ఒట్లు వేయించిందో లెక్కలేదు. తప్పిన ప్రతిసారీ ఆయన ఇంటికి రావడం ఆలస్యం చేసేవాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. మాకు ముఖం చూపించలేక బయటే తిరిగేవాడు.

ఇక నీ సంగతి. రేపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళు. రోజూ ఎంత తాగుతున్నావో ఒక్క పెగ్గు కూడా తగ్గించకుండా చెప్పు. వెళ్ళడానికి ధైర్యం చాలకపోతే ముందు 14416కి ఫోన్ చెయ్, అది టెలిమానస్, ప్రభుత్వం పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. 14446 కూడా ఉంది, వ్యసనాల కోసమే పెట్టిన నంబరు. కానీ దానికన్నా ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది.

ఈ రాత్రి అన్నం తిన్నాక మీ అమ్మ పక్కన కూర్చో. గృహప్రవేశం రోజు నుంచి జరిగింది చెప్పు. ఆమె ఏడుస్తుంది, ఏడవనివ్వు. మళ్ళీ ఒట్టు వెయ్యమని చెయ్యి చాపితే, ఆ చెయ్యి పట్టుకొని, ఒట్టు వద్దమ్మా, రేపు నాతో ఆస్పత్రికి రా అని అడుగు.