నాన్నగారి పాత డాలర్ నోట్లు: అమ్మాలా, ఇంకా కొనాలా?

ప్రశ్న: మా నాన్నగారు 1970ల్లో డాక్టరుగా అమెరికా వచ్చారు. ఈమధ్యే పోయారు. ఆయన బీరువాలో నీలం ముద్ర ఉన్న 1957 నాటి ఒక డాలర్ నోట్లు, 1976 నాటి రెండు డాలర్ల నోట్ల కట్ట, 1934 నాటి 500 డాలర్ల నోటు ఒకటి దొరికాయి. ఇవి లక్షలు పలుకుతాయనీ, అమ్మాయి కాలేజీ డబ్బుతో ఇలాంటివే ఇంకొన్ని కొనమనీ ఒక స్నేహితుడు అంటున్నాడు. (డాలస్ పాఠకుడు)

జవాబు: కాలేజీ డబ్బు మాత్రం ముట్టుకోకండి. పాత నోటు మీద వడ్డీ రాదు, పైగా ఇవాళ కొన్న నోటును రేపు అదే డీలర్‌కి అమ్మబోతే బాగా తగ్గించి అడుగుతాడు, ఫీజు కట్టాల్సిన నెలలో బేరం కోసం తిరగలేరు కదా.

1890 నాటి ‘గ్రాండ్ వాటర్‌మెలన్’ వెయ్యి డాలర్ల నోటు, వెనకవైపు సున్నాలు పుచ్చకాయల్లా ఉంటాయే, అది 2014 వేలంలో దాదాపు 33 లక్షల డాలర్లు పలికింది. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1957 నోట్లేమో కోట్లలో అచ్చయ్యాయి, నలిగిపోయి ఉంటే డాలర్ మీద కాస్త ఎక్కువ వస్తుంది, అంతే. చేతులు మారిన 1976 నోటుకి వచ్చేది రెండు డాలర్లే. ఒకటి చూడండి: సీరియల్ నంబరుకి 1957 వాటిలో ముందు, 1976 వాటిలో చివర నక్షత్రం గుర్తు ఉంటే, అచ్చులో చెడిపోయిన నోటు బదులు వేసినదని అర్థం, వాటిని విడిగా పెట్టండి.

అసలు సరుకు 500 నోటే. ఈ పెద్ద నోట్ల ముద్రణ 1945లో ఆగింది, 1969 నుంచి చలామణీలోకి ఇవ్వడమే మానేశారు. ఇప్పటికీ చెల్లుతుంది, కానీ బ్యాంకులో వేస్తే 500 మాత్రమే జమవుతుంది, సేకరించేవాళ్లు అంతకంటే బాగా ఎక్కువిస్తారు. దయచేసి దాన్ని కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, చిరుగుంటే టేపు అంటించొద్దు! వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే మడతలు, గుండుసూది బెజ్జాలు కనిపిస్తాయి, ధర తేలేది అక్కడే. పీఎంజీ లాంటి గ్రేడింగ్ సంస్థలు నోటు ఎంత బాగుందో చూసి 70కి ఇన్ని అని మార్కు వేస్తాయి, కడిగిన కాగితాన్ని ఇట్టే పట్టేస్తాయి. గ్రేడు వచ్చాక ఇద్దరు ముగ్గురు డీలర్లని అడగండి, వేలం కమిషన్ ఎంతో కూడా కనుక్కోండి.

పన్ను సంగతి: వారసత్వంగా వచ్చింది కాబట్టి నాన్నగారు పోయిన రోజున ఉన్న విలువే మీ కొనుగోలు ధర, అందుకే ఆ తేదీకి విలువ ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. ఆపైన వచ్చే లాభం మీద ఇలాంటి సేకరణ వస్తువులకి 28 శాతం దాకా పన్ను పడొచ్చు.

అమ్మేదాకా ఇంట్లో పెట్టకండి, మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో నోట్లకి సాధారణంగా 200 డాలర్ల వరకే ఇస్తారు. బ్యాంకు లాకర్‌లో పెట్టినా ఎఫ్‌డీఐసీ బీమా (బ్యాంకు డిపాజిట్లకి ఉండే ప్రభుత్వ బీమా) వర్తించదు, కాబట్టి ఆ ఒక్క నోటుకి విడిగా పాలసీ తీసుకోండి.