మతి పోలేదు, మాటే చిక్కుకుంది

తమ్ముడూ, పక్షవాతం వచ్చాక నాన్నగారికి కుడిచెయ్యి పడిపోయిందనీ, 'అదే అదే' తప్ప మాట రావట్లేదనీ, మతి పోయిందని పలాస చుట్టాలు అంటున్నారనీ రాశావు. వాళ్ల మాట పట్టించుకోకు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు చూసిన రోగి ఏమడిగినా 'టాన్ టాన్' అనేవాడు. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. (కుడిచెయ్యిని కదిలించేదీ ఎడమ మెదడే. అందుకే తరచూ రెండూ కలిసే వస్తాయి.) 1874లో వెర్నికె అనే డాక్టరు చెప్పింది తిరగేసిన రకం: మాటలు గలగలా వస్తాయి కానీ వాటికి అర్థం ఉండదు, ఎదుటివాళ్లు చెప్పేదీ సరిగా అర్థం కాదు. నాన్నగారు కళ్లజోడు చూపించమంటే చూపిస్తున్నారన్నావు కాబట్టి మొదటి రకంలాగే ఉంది. న్యూరాలజిస్టును అడిగి స్పీచ్ థెరపీ మొదలుపెట్టించు. ఈలోగా కాఫీనో టీనో చేత్తో చూపించి అడుగు. మా ఆమదాలవలస మావయ్య ఇలాగే మాట పడిపోయినప్పుడు మాటకంటే ముందు పాట అందుకున్నాడు, నాన్నగారితో పాట పాడించీ చూడు.