వానలో జారేవి ముందు చక్రాలే అయినా, ముందుగా కాపాడుకోవలసినవి వెనుక చక్రాలు

మీరు అడిగింది ఇదీ: మీ వద్ద 2020లో మన దేశానికి 200 మాత్రమే వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 ఉంది. హైదరాబాదులో రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద, నెలకు రెండుసార్లు విజయవాడ హైవే మీద నడుపుతారు. వాన పడిన రోజున సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు ముందు చక్రాలు పట్టు దొరకక గిర్రున తిరుగుతున్నాయి. ముందు టైర్లలో గాడి లోతు 2.5 మి.మీ., వెనుక వాటిలో 4 మి.మీ. మిగిలింది. ముందు రెండింటినే మార్చి, 225 మి.మీ. బదులు 245 మి.మీ. వెడల్పున్నవి వేయిస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం. ఇదే కుటుంబానికి చెందిన 2017 నాటి ఆక్టేవియా ఆర్‌ఎస్‌ను ఏళ్ల తరబడి ఇదే ఊళ్లో నడుపుతున్నవాడిగా చెబుతున్నాను, మీ ఆలోచనలోని రెండు భాగాలనూ మార్చుకోవాలి.

ముందు ఆ జారుడు సంగతి చూద్దాం. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ముందు రెండు టైర్లే ఇంజిన్ శక్తిని రోడ్డుకు అందించాలి, స్టీరింగు మాట వినాలి, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం మోయాలి. మనం యాక్సిలరేటర్ నొక్కిన క్షణాన బరువు వెనక్కి జరిగి ముందు చక్రాలు తేలికవుతాయి. అంటే పట్టు అత్యవసరమైన సమయంలోనే అది తగ్గుతుంది. మీ కారు టర్బో ఇంజిన్ 370 న్యూటన్ మీటర్ల టార్క్‌ను తక్కువ ఆర్‌పీఎం దగ్గరే ఇచ్చేస్తుంది కాబట్టి, తడి రోడ్డు మీద మొదటి గేరులో ఏ టైరైనా కొంత తిరగక తప్పదు. మీ కారులోని ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ ఆ శక్తిని పట్టున్న చక్రం వైపు మళ్లించగలదు కానీ, లేని పట్టును సృష్టించలేదు. అయితే ఈ జారుడు ఎంత చికాకు పెట్టినా ప్రమాదకరమైనది కాదు. వేగం దాదాపు సున్నా, మందు మీ కుడికాలి కిందే ఉంది. కాలితో సరిచేయలేని జారుడు వేరే ఉంది, టైర్లు ఎంచుకోవలసింది దాని కోసం.

దాన్ని నేను 2021 ఆగస్టులో చూశాను. అప్పుడు నా కారు పరిస్థితి అచ్చం మీ కారులాగే ఉండేది. ముందు టైర్లు అరిగాయి, వెనుకవి పరవాలేదు. షాపులో, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి కొత్తవి ముందు వేయాలన్నారు. నాకూ అదే సబబుగా తోచింది. మూడు వారాల తరువాత మా నాన్నగారిని శంషాబాద్ విమానాశ్రయానికి తీసుకువెళుతుండగా, ఔటర్ మీద వాన జోరందుకుంది. ఎడమ వంపులో, 90 కి.మీ. వేగం దగ్గర, ముందున్న లారీ వెనుక దీపాలు వెలిగేసరికి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను, అంతే. బ్రేకు కూడా నొక్కలేదు. కారు వెనుక భాగం కుడివైపుకు కొట్టుకుపోయింది. కారు అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ వ్యవస్థ లైటు టకటకా మెరవడం, స్టీరింగును ఎదురు తిప్పిన నా చేతులు, అంతటి వానలోనూ స్పష్టంగా వినిపించిన నాన్నగారి పెద్ద ఊపిరి ఇప్పటికీ గుర్తున్నాయి. కారు రెండుసార్లు ఊగి, దేనికీ తగలకుండా నిలదొక్కుకుంది. ఆయన విమానం ఎక్కేదాకా ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను.

కారణం తరువాత నిదానంగా అర్థమైంది. కాలు తీయగానే బరువు ముందుకు దూకింది. అక్కడున్నవి కొత్త టైర్లు, నీటిని చీల్చుకుంటూ రోడ్డును పట్టుకున్నాయి. అసలే తేలికైన వెనుక భాగం మరింత తేలికై, అరిగిన టైర్లతో నీటి మీద తేలింది. ముందు చక్రాలు జారితే కారు వంపు తిరగకుండా నేరుగా పోతుంది, వేగం తగ్గే కొద్దీ పట్టు తిరిగి వస్తుంది, స్టీరింగు తేలికైపోవడం ద్వారా మనకు ముందే హెచ్చరిక కూడా అందుతుంది. వెనుక చక్రాలు జారితే హెచ్చరిక ఉండదు, సరిచేసుకునే వ్యవధీ ఉండదు. అందుకే రెండే కొత్త టైర్లు కొనగలిగినప్పుడు, ఏ చక్రాలకు శక్తి అందుతున్నా సరే, కొత్తవి వెనుక వేయాలని టైరు తయారీదారులు చెబుతారు. ఇది వినడానికి తలకిందులుగా అనిపిస్తుంది కాబట్టే చాలా షాపుల్లో పాటించరు. మీరు దగ్గర నిలబడి చెప్పి వేయించుకోండి.

మీ విషయంలో అయితే నాలుగూ ఒకేసారి మార్చమనే నా సలహా. చట్టం 1.6 మి.మీ. దాకా అనుమతిస్తుంది కానీ, వానలో టైరు 3 మి.మీ. దగ్గరే ముసలిదైపోతుంది. చిన్న లెక్క వేసి చూడండి. రోడ్డు మీద 3 మి.మీ. నీరు నిలిచి, టైరు నేలకు ఆనే వెడల్పు 20 సెం.మీ. అనుకుంటే, 100 కి.మీ. వేగంలో ఒక్కొక్క ముందు టైరు ప్రతి సెకనుకూ దాదాపు 17 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. మన స్నానాల గదిలోని బకెట్ నిండా నీళ్లన్నమాట, సెకనుకు ఒకటి. ఆ నీరు పోవడానికి ఉన్న దారి ఆ గాడులే. 8 మి.మీ. లోతున్న గాడి 2.5కు వచ్చాక, ఆ బకెట్ ఎటు పోవాలి?

ఇక్కడే 245 వెడల్పు సంగతి కూడా తేలిపోతుంది. టైరు వెడల్పయ్యే కొద్దీ తోయవలసిన నీరు పెరుగుతుంది, నేలకు ఆనే చోటు వెడల్పై పొట్టిదవడంతో ఆ నీటిని తోసేయడానికి దొరికే వ్యవధి తగ్గుతుంది. పొడి రోడ్డు మీద లాభించేది నిలిచిన నీటిలో నష్టం చేస్తుంది. కంపెనీ ఇచ్చిన 225/40 ఆర్18 కొలతనే ఉంచుకోండి. లోడ్ ఇండెక్స్ 92కు, అంటే చక్రానికి 630 కిలోలకు తగ్గకుండా చూసుకోండి.

ఇక ఏ టైరు కొనాలి? టైరుకు అక్షరాలతో శ్రేణులిచ్చే యూరప్ లేబుల్ ఉంటే తడి పట్టు విభాగంలో ‘A’ శ్రేణి ఉన్నదే తీసుకోండి, ఇంధన పొదుపు అక్షరం కోసం దాన్ని వదులుకోవద్దు. కానీ ఆ అక్షరం దేన్ని కొలుస్తుందో కూడా తెలిసి ఉండాలి. పలుచని నీటి పొర మీద, కొత్త టైరుతో, నేరుగా వెళుతూ బ్రేకు వేసి చూసే పరీక్ష అది. నిలిచిన నీటిలో టైరు తేలడాన్నీ, వంపులో పట్టునూ, సగం అరిగిన తరువాతి తీరునూ అది చెప్పదు. అందుకే టైరును కళ్లతో, చేతులతో చూడండి. చుట్టూ సాగే లోతైన, వెడల్పైన గాడులు మూడు నాలుగు ఉండాలి. వాటి నుంచి భుజాల వైపు నీటిని పంపే పక్క కాలువలు ఉండాలి. రేసు ట్రాక్ కోసమని అమ్మే, గాడులు తక్కువగా ఉన్న మెత్తటి టైర్ల జోలికి పోవద్దు. అలాగే 80 వేల కి.మీ. మన్నుతాయని ఊరించే గట్టి రబ్బరు టైర్లు కూడా ఇంత శక్తి ఉన్న కారుకు తగవు. పక్క గోడ మీద ముద్రించే ట్రెడ్‌వేర్ సంఖ్య (ఎంత ఎక్కువైతే అంత నిదానంగా అరుగుతుందని) 300 చుట్టుపక్కల, తడి పట్టును చెప్పే ట్రాక్షన్ అక్షరాలు ‘AA’ ఉన్న స్పోర్ట్స్ టైరు మీకు సరిపోతుంది. ట్రెడ్‌వేర్ సంఖ్యను తయారీదారులే తేల్చుకుంటారు కాబట్టి రెండు బ్రాండ్ల మధ్య దాన్ని పోల్చి నిర్ణయం తీసుకోవద్దు. నేను ఆ సంఘటన తరువాత నాలుగు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 వేయించుకున్నాను. అవి త్వరగానే అరిగాయి కానీ, మూడు వానాకాలాల్లో ఒక్కసారి కూడా నన్ను భయపెట్టలేదు. కాంటినెంటల్, గుడ్‌ఇయర్, బ్రిడ్జ్‌స్టోన్‌లలోనూ ఈ తరగతి టైర్లు ఉన్నాయి. 2020 జూన్‌లో టైర్ల దిగుమతిపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టాక ఈ కొలతలో కోరినది కోరినప్పుడు దొరకడం కష్టమైంది కాబట్టి, నెల ముందే అడిగి ఉంచండి. దొరికిన టైరు పక్క గోడ మీద ‘DOT’ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, తయారైన వారాన్నీ ఏడాదినీ చెప్పే నాలుగు అంకెలు చూడండి: 1425 అంటే 2025లో 14వ వారం. మూడేళ్లు గోదాములో మగ్గిన రబ్బరును కొత్తదిగా కొనకండి.

గాలి ఒత్తిడిని చాలామంది మైలేజీ విషయంగానే చూస్తారు. గాడులకు అందనంత లోతు నీటిలో టైరు ఎంత వేగం దగ్గర తేలుతుందో అంచనా వేయడానికి నాసా పరిశోధకులు విమానాల కోసం కట్టిన సూత్రం ఒకటుంది. దాన్ని కారుకు అన్వయిస్తే, 36 పీఎస్‌ఐ ఉన్న టైరు సుమారు 100 కి.మీ. దగ్గర, 25 పీఎస్‌ఐకి దిగిన టైరు సుమారు 83 కి.మీ. దగ్గర తేలుతుంది. ఔటర్ మీద గరిష్ఠ వేగాన్ని 2023లో 120కి పెంచారు. వాన పడేటప్పుడు ఆ సంఖ్య మీకు వర్తించదని అనుకోండి, మరీ ముఖ్యంగా లారీ చక్రాలు తొక్కి తొక్కి పల్లమైన చారల్లో నీళ్లు నిలిచే చోట.

కొత్తవి వేయించిన రోజునే అలైన్‌మెంట్ చేయించండి. నా పాత టైర్లను విప్పి నేల మీద పెట్టి గేజ్ దించితే బయటి అంచున 4, లోపలి అంచున 2 మి.మీ. వచ్చింది, చక్రం కారుకు ఉన్నప్పుడు మనకు కనిపించేది ఆ బయటి అంచే. ఆ తరువాత 8 వేల కి.మీ.కు ఒకసారి ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు మార్పిస్తూ ఉంటే నాలుగూ సమానంగా అరుగుతాయి, ఏ రెండు ఎక్కడ వేయాలన్న సమస్యే మళ్లీ రాదు.

టైర్లను మే నెలలోనే కొనండి. కొత్త టైరు పైపొర మీద అచ్చు నుంచి వచ్చిన నునుపు ఉంటుంది, అది పోయి అసలు రబ్బరు బయటపడడానికి రెండు మూడు వందల కి.మీ. పొడి రోడ్డు మీద నెమ్మదిగా నడపాలి. జూన్ రెండో వారంలో రుతుపవనాలు మన దాకా వచ్చేలోగా, మీ విజయవాడ ప్రయాణం ఒక్కటి దానికి చాలు.