టెంపర్ సినిమాలో చూపించిన పోలీసు అవినీతి ఎంతవరకు నిజం?

మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు, నేను పెరిగింది పోలీసు క్వార్టర్స్‌లో. ఆ ధైర్యంతో చెప్తున్నా, సినిమాలో దయ కంటే నారాయణమూర్తి ఎక్కువ నిజం.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2015లో పూరి జగన్నాథ్ తీశాడు, కథ వక్కంతం వంశీది. దయ (ఎన్టీఆర్) డబ్బు కోసమే పోలీసైనవాడు, వైజాగ్‌లో వాల్తేరు వాసు (ప్రకాష్ రాజ్) పనులకు అడ్డం రాకూడదని ఏరికోరి అతన్ని అక్కడికి వేయిస్తారు. ఆ స్టేషన్లో కానిస్టేబుల్ నారాయణమూర్తి (పోసాని) మాత్రం ఇతనికి సెల్యూట్ కొట్టడు.

ఆ "వేయించడం" ఉంది చూశారూ, అసలు కథంతా అక్కడే మొదలవుతుంది. పోస్టింగుకి లోకల్ లీడర్ మాట కావాలి, ఆయనకి నచ్చకపోతే వీఆర్‌లో పెడతారు, అంటే జీతం వస్తుంది కానీ స్టేషన్ ఉండదు. స్టేషన్ ఇన్‌ఛార్జిని కనీసం రెండేళ్లు కదపకూడదని 2006లోనే ప్రకాష్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా మా క్వార్టర్స్‌కి వచ్చిన ఎస్సైలలో కొందరు సామాన్ల అట్టపెట్టెలు పూర్తిగా విప్పకుండానే వెళ్లిపోయారు. అలాంటప్పుడు పోస్టింగ్ ఇప్పించినవాడి ఫోన్ వస్తే ఎవరు కాదంటారు చెప్పండి.

ఇక డబ్బు. సినిమాల్లోలాగా సూట్‌కేసులు కాదు, చాలా చిన్నగా మొదలవుతుంది. తెల్లకాగితాల దస్తా, జీపుకి డీజిల్, అనాథ శవాన్ని మార్చురీకి పంపే బండి ఖర్చు, వీటికి పైనుంచి వచ్చేది చాలకపోతే స్టేషన్ రైటర్ (స్టేషన్లో రాతపని చూసే కానిస్టేబుల్) ఎవరో షాపు ఆయన్ని అడుగుతాడు, అదే నెలనెలా మామూలు అయి కూర్చుంటుంది. పైగా పెద్దవాళ్లు డబ్బు చేత్తో ముట్టుకోరు. లంచం తీసుకునేవాళ్లని పట్టుకోవడానికి ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) వాళ్లు నోట్లకి ఫినాఫ్తలీన్ పౌడర్ రాసి పంపుతారు, తర్వాత వేళ్లు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే గులాబీ రంగొస్తుంది. ఆ రంగు ఎక్కువగా ఎవరి వేళ్లకి అంటుతుందో ఊహించుకోండి! మా లైన్లోనే ఒక కానిస్టేబుల్ అలా దొరికాడు, తీసుకోమన్న ఆఫీసర్‌కి మాత్రం ఏమీ కాలేదు.

సెల్యూట్ సీన్ వచ్చినప్పుడు థియేటర్లో జనం ఈలలు వేస్తుంటే మా నాన్న మాత్రం "కొట్టకపోతే సాయంత్రానికి మెమో చేతిలో ఉంటది రా" అన్నారు. మరి నిజం అని ఎందుకన్నానంటే, ఆ మనస్తత్వం ఉన్నవాళ్లు నిజంగా ఉంటారు, కానీ చేసే పద్ధతి వేరు. మామూళ్ల జోలికి పోకుండా నాన్న అడిగి మరీ కోర్టు డ్యూటీ వేయించుకున్నారు. సమన్లు అందించడం, సాక్షుల్ని తీసుకురావడం, వాయిదా తేదీలు రాసుకోవడం. స్టేషన్లో దీన్ని పనికిరానివాళ్లకిచ్చే డ్యూటీలా చూసేవాళ్లు, ప్రమోషన్ లిస్టు వచ్చినప్పుడల్లా అమ్మ సణిగేది, ఆయన వినేవారు కాదు.

క్లైమాక్స్‌లో దయ కోర్టులో వాసు తమ్ముళ్లు చేసిన నేరాన్ని తన మీద కూడా వేసుకోవడం పక్కా సినిమా, అయితే కథలో దమ్మంతా అందులోనే ఉంది. దీని ఆధారంగా తీసిన హిందీ 'సింబా' (2018)లో దాన్ని తీసేసి ఎన్‌కౌంటర్ పెట్టారు, నాకైతే అస్సలు నచ్చలేదు. తప్పుడు పనులు చేసిన పోలీసు మారాడని చూపించడానికి ఇంకో తప్పుడు పని చేయించడమేంటి?

పోలీసు అవినీతే చూడాలనుకుంటే టెంపర్ తర్వాత వెట్రిమారన్ తీసిన తమిళ సినిమా 'విసారణై' చూడండి. కథ సగం గుంటూరులోనే జరుగుతుంది, అక్కడి పోలీసులు తెలుగే మాట్లాడతారు. లాకప్‌లో కొట్టే సీన్లు చూడలేక చాలామంది మధ్యలో ఆపేస్తారు, వీలైతే ఆపకండి, ఎందుకంటే పార్టీ డబ్బు లెక్కలు తెలిసిన ఆడిటర్‌ని పోలీసులు ఏం చేశారన్నది సెకండాఫ్‌లోనే వస్తుంది.