కింద సున్నా ఉందని సంబరపడకు

అమ్మలూ,

బోస్టన్‌లో ఏదో కాలేజీకి ఎర్లీ డెసిషన్, అంటే సీటిస్తే వచ్చి తీరతానని ముందే మాట ఇచ్చే దరఖాస్తు, వేస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా కాలంలో ఏ ఊళ్ళో చదవాలో ఇంట్లో మగవాళ్ళే తేల్చేవాళ్ళు. నువ్వు నీ అంతట నువ్వే ఊరు చూసుకుని, కోర్సు చూసుకుని వెళ్తానంటుంటే ఎంత పొంగిపోయానో చెప్పలేను. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మార్చిలో మీ నాన్న ఉద్యోగం పోయింది. ఆ కాలేజీకి ఏడాదికి ఎంతవుతుందో, అందులో మీరు కట్టగలిగేది ఎంతో ఇంతవరకూ ఎవరూ కూర్చుని లెక్క వేయలేదని మీ అమ్మ మాటల్లోనే తెలిసిపోయింది. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఒకే ఫారంతో చాలా కాలేజీలకు దరఖాస్తు చేసే కామన్ యాప్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. 650 మాటల ఎస్సే నీ మాటల్లో రాయి, ఎవరికీ డబ్బిచ్చి రాయించుకోకు. రికమెండేషన్ లెటర్ల కోసం టీచర్లను ఇప్పుడే అడుగు. అంతే.

నేను చెప్పాల్సింది డబ్బు సంగతి. ఇక్కడ న్యూజెర్సీలో ఎడిసన్ లైబ్రరీలో పనిచేసినన్నాళ్ళూ, చలికాలం వస్తే చాలు, కాలేజీ ఖర్చుకు సాయం అడిగే ఎయిడ్ ఫారాలు పట్టుకుని తల్లిదండ్రులు నా బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎస్సే బాగా కుదరలేదని ఏడ్చిన పిల్లల్ని పెద్దగా చూడలేదు. డబ్బు లెక్క అర్థమయ్యాక ఏడ్చిన ఇళ్ళు మాత్రం చాలానే చూశాను.

మీకు గ్రీన్ కార్డులు వచ్చాయి కాబట్టి ఫాఫ్సా, అంటే ఫెడరల్ ప్రభుత్వ సాయం కోసం వేసే ఫారం, నింపే అర్హత ఉంది. హెచ్-4 వీసా మీద ఉన్న నీ స్నేహితురాళ్ళకు ఆ అవకాశం లేదు. ఆ ఫారం ఉచితం. నింపిపెడతాం డబ్బు కట్టండి అన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. నీకూ మీ నాన్నకూ విడివిడిగా అకౌంట్లు కావాలి, ఒకరి పాస్‌వర్డ్ ఒకరు వాడకండి. మీరు ఉంటున్న ఇల్లు, మీ నాన్న 401కె రిటైర్మెంట్ డబ్బు ఫాఫ్సాలో లెక్కలోకి రావు. మంగళగిరి దగ్గర కొన్న ప్లాటు మాత్రం వస్తుంది. "ఇండియాలో ఉన్నది వీళ్ళకెందుకు చెప్పడం" అంటాడు మీ నాన్న, నాకు తెలుసు. చెప్పి తీరాలి. కింద సంతకం పెట్టేది మీరిద్దరూ. పేరున్న ప్రైవేటు కాలేజీలు చాలావరకూ సిఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఎయిడ్ ఫారం కూడా అడుగుతాయి. అందులో ఇంటి విలువ కూడా రాయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2026లో చేరేవాళ్ళకు ఫాఫ్సా చూసేది 2024 ఆదాయం. ఆ ఏడాది మీ నాన్న జీతం నిండుగా వచ్చింది. ఈ ఏడాది ఉద్యోగం పోయిన సంగతి ఆ ఫారానికి తెలియదు. కాబట్టి ఫారం పంపాక ప్రతి కాలేజీ ఎయిడ్ ఆఫీసుకూ విడిగా ఉత్తరం రాయాలి. టెర్మినేషన్ లెటర్, నిరుద్యోగ భృతి కాగితాలు జతచేసి, పరిస్థితి మారింది, మళ్ళీ చూడండి అని అడగాలి. అలా మార్చే అధికారం ఆ ఆఫీసర్లకు చట్టమే ఇచ్చింది. ఇది బిచ్చం అడగడం కాదు. మీ నాన్నకు నామోషీగా ఉంటుంది, ఉద్యోగం పోయిందని కాగితం మీద పెట్టడం ఏ మగవాడికైనా కష్టమే. నువ్వే మెల్లగా చెప్పు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2012లో మా వీధిలో ఒక కుటుంబం ఉండేది. ఆయన మోటెల్లో రాత్రి డ్యూటీ, ఆవిడ డేకేర్‌లో పని. కొడుకు బంగారంలాంటి పిల్లవాడు. పేరున్న ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చింది, వెంటనే ఎయిడ్ లెటర్ కూడా వచ్చింది. ఏడాది ఖర్చు 53,000 డాలర్లు, మీరు కట్టాల్సిన మిగులు సున్నా అని ఉంది. ఆ సాయంత్రం వీధంతా లడ్డూలు పంచారు. మా ఇంటికీ తెచ్చారు.

ఏడాదిన్నర తర్వాత ఆయన ఆ కాగితం పట్టుకుని లైబ్రరీకి వచ్చాడు. లోన్ స్టేట్‌మెంట్ ఏదో వచ్చిందట, పొరపాటున పంపారేమో చూడమన్నాడు. లెటర్ బల్ల మీద పరిచి పెన్ను పట్టుకుని ఒక్కో గీతా చదివాను. కాలేజీ గ్రాంటు 15,000. వర్క్-స్టడీ 2,500, అది పిల్లవాడు పనిచేసి సంపాదించుకోవాల్సిన డబ్బు. స్టూడెంట్ లోన్ 5,500. చివరన పేరెంట్ ప్లస్ అని 30,000. పైన మాత్రం అన్నిటినీ కలిపి పెద్ద అక్షరాలతో "మీ ఎయిడ్" అని వేశారు. ప్లస్ అంటే తల్లిదండ్రుల పేరున ఇచ్చే ఫెడరల్ అప్పు. అప్పుడు దాని వడ్డీ 7.9 శాతం, ముందే ఫీజు కింద నాలుగు శాతం కోసుకునేవాళ్ళు. పిల్లవాడు చదువుతున్నంత కాలం కట్టక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. "మరి నేను సంతకం పెట్టానా?" అని అడిగాడాయన. పెట్టాడు, కంప్యూటర్ మీద. దాని పేరే మాస్టర్ ప్రామిసరీ నోట్. అది కూడా ఒక ఫార్మాలిటీ అనుకున్నాడు.

ఆ పిల్లవాడికి మన రాష్ట్ర యూనివర్సిటీలో కూడా సీటు వచ్చింది. అక్కడ ఫీజు, తిండి, గది అన్నీ కలిపినా ఆ ప్లస్ లోన్ అంత కూడా కాదు. అప్పటికి మధ్యలో మానిపించలేక నాలుగేళ్ళూ తీసుకున్నారు. లక్షా ఇరవై వేల డాలర్లు, వడ్డీ కాక. డిగ్రీ అయ్యింది, ఉద్యోగమూ వచ్చింది. ఆయన మాత్రం అరవై దాటాక కూడా రాత్రి డ్యూటీ మానలేదు.

మా నాన్న నన్ను గుంటూరులో చదివించడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పెడుతుంటే పక్కనే నిలబడి చూశాను. ఆ అప్పు తీరేసరికి నాకు పెళ్ళై పిల్లలు పుట్టారు. అందుకే అప్పు అన్న మాట వింటే నాకు అంత టెన్షన్. మీ అమ్మకి అవన్నీ గుర్తుండవు, అప్పుడు చిన్నది.

అప్పు అసలే వద్దని నేను అనను. మొదటి ఏడాది నీ పేరున 5,500 వరకూ ఇచ్చే ఫెడరల్ లోన్ తీసుకో, అది భరించగలిగిందే. ప్లస్‌కు 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకు ఏడాదికి 20,000, మొత్తం 65,000 అని హద్దు పెట్టారు. ఆ పైన చాలకపోతే ప్రైవేటు బ్యాంకు లోన్‌కు మీ నాన్నను కోసైన్ చేయమంటారు, అంటే నువ్వు కట్టకపోతే తను కడతానని హామీ సంతకం. అది వద్దమ్మా. నా మాట విను.

ఇక ఎర్లీ డెసిషన్. దీని మీద నీకు కోపం వచ్చినా సరే. అది వేస్తే వాళ్ళు రమ్మన్నప్పుడు వెళ్ళి తీరతానని మాట ఇచ్చినట్టే. డబ్బు చాలకపోతే బయటపడే దారి ఉంది గానీ, అప్పుడు నీ చేతిలో ఒక్క ఎయిడ్ లెటరే ఉంటుంది, పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంకోటి ఉండదు. ప్రతి కాలేజీ వెబ్‌సైటులోనూ సాయం పోను మీకు ఎంత పడుతుందో అంచనా చెప్పే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, 2011 నుంచి తప్పనిసరి చేశారు. నవంబర్ 1 లోపు మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని, ఒకసారి 2024 ఆదాయంతో, ఇంకోసారి ఇప్పటి ఆదాయంతో చెయ్యి. అంకె చూశాక కూడా మీకు సరేననిపిస్తే వెయ్యి, నేనే వచ్చి దీవిస్తాను. లేకపోతే అదే కాలేజీకి, ముందే మాట ఇవ్వక్కర్లేని రెగ్యులర్‌లో వెయ్యి. మన రాష్ట్ర యూనివర్సిటీ రట్గర్స్‌కు మాత్రం తప్పకుండా పంపు.

మన కౌంటీ కాలేజీ మిడిల్‌సెక్స్ పేరెత్తితే మన వాళ్ళు మొహం తిప్పుకుంటారు. క్లాసులో పై 15 శాతంలో ఉన్న పిల్లలకు ఎన్‌జే స్టార్స్ అనే న్యూజెర్సీ రాష్ట్ర స్కాలర్‌షిప్ కింద కౌంటీ కాలేజీలో ట్యూషన్ కట్టక్కర్లేదు. అక్కడ రెండేళ్ళు చదివి రాష్ట్ర యూనివర్సిటీకి మారి, ఇవాళ బాగా స్థిరపడ్డ పిల్లలు నాకు తెలుసు. నిన్ను అక్కడికే వెళ్ళమని కాదు. ఆ తలుపు కూడా ఉందని గుర్తుంచుకో.

లెటర్లన్నీ వచ్చాక మే 1 దాకా టైముంటుంది. ఒక్కోదాంట్లో మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లూ స్కాలర్‌షిప్పులూ మాత్రమే తీసెయ్యి, లోన్లనీ వర్క్-స్టడీనీ ముట్టుకోకు. మిగిలిందే మీ ఖర్చు. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి నాకు ఫోటో పంపు.

ఆదివారం మధ్యాహ్నం వస్తున్నాను. మీ నాన్నను 2024 టాక్స్ రిటర్న్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్లాటు కాగితాలు తీసి ఉంచమను. మొహమాటపడితే నేను మాట్లాడతాను. నువ్వు ఎస్సే చూపించు, చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ