చూపించని అంకె ఏదో అడగడం అలవాటు చేసుకోండి

విమర్శనాత్మకంగా ఆలోచించడం పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా అని అడిగారు. నేర్చుకోవచ్చు. అయితే తర్కంలో ఎన్ని రకాల దోషాలున్నాయో బట్టీ పడితే రాదు. మీ డబ్బో మీ ఇంట్లో పిల్లల చదువో ముడిపడి ఉన్న ఒక నిర్ణయం ముందు పెట్టుకుని, "ఇందులో వీళ్లు నాకు చూపించనిది ఏమిటి?" అని వెతకడం మొదలుపెట్టండి.

మా అక్క కూతురి టెన్త్ ఫలితాలు ఇంకా రాకముందే కాలేజీల పీఆర్వోలు ఇంటి చుట్టూ తిరిగారు. చేతిలో పాంప్లెట్, దాన్నిండా ఫొటోలు, ర్యాంకులు. టీవీ పెట్టినా అదే, ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ఊపిరి తీసుకోకుండా చదువుతారు కదా. అక్కా బావా దాదాపు ఖాయం చేసుకున్నారు. నేను ఒక పీఆర్వోని కూర్చోబెట్టి మర్యాదగానే అడిగాను: ఇవి ఓపెన్ ర్యాంకులా, కేటగిరీ ర్యాంకులా? ఈ పిల్లలు మేం చేర్చబోయే క్యాంపస్‌లోనే చదివారా? రెండేళ్లూ క్లాసులకు వచ్చారా, లేక చివర్లో టెస్ట్ సిరీస్ ఒక్కటే రాశారా? మీ బ్రాంచిలో ఎంపీసీలో ఎంతమంది చేరితే ఎంతమందికి ఐఐటీ సీటు వచ్చింది? మొదటి మూడింటికి ఏదో ఒకటి చెప్పాడు. చివరిదానికి "ఆఫీసులో కనుక్కుని చెప్తాను సార్" అని వెళ్లినవాడు మళ్లీ ఫోన్ చేయలేదు.

పాంప్లెట్‌లో ప్రతి ఫొటో నిజమే కావచ్చు, అయినా మొత్తం ఎంతమంది చేరారో తెలియకపోతే ఆ ర్యాంకుల వల్ల మనకు తెలిసేది చాలా తక్కువ. "క్వాలిఫై అయ్యారు" అనే లెక్క కూడా అలాంటిదే. 2024లో ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై అయినవాళ్లు 48,248 మంది, ఐఐటీల్లో సీట్లు మాత్రం 17,740. ర్యాంకర్ల ఫొటో వేస్తే వాళ్లు ఏ కోర్సు చదివారో, డబ్బు కట్టి చేరారో లేదో కూడా చెప్పాలని కోచింగ్ సెంటర్లకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, అంటే ఈ దాచడం ఎంత మామూలైపోయిందో చూడండి.

రెండో ప్రపంచ యుద్ధంలో గణాంక శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్ గట్టిగా పట్టుకున్నది కూడా ఇదే. విమానంలో ఏ భాగం బలహీనమో తెలియాలంటే, తిరిగొచ్చిన విమానాల మీద తూటా దెబ్బలు లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు, తిరిగిరాని విమానాలకు ఎక్కడ తగిలి ఉంటుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి అన్నాడు. 

ఇంకో చిక్కు ఉంది. "పక్కింటి అబ్బాయికి అక్కడ చదివే సీటొచ్చింది" అంది అక్క. ఆ అబ్బాయి ఏడో తరగతి నుంచీ క్లాస్ ఫస్టే. పైగా ఆ కాలేజీ బాగా చదివే పిల్లల్ని ముందే ఏరి, ఫీజు తగ్గించి, వేరే సెక్షన్‌లో మంచి లెక్చరర్లతో కూర్చోబెడుతుంది. అందులో కాలేజీ గొప్ప ఎంత, ఆ పిల్లాడి గొప్ప ఎంత? మా అమ్మాయి లాంటి మధ్యరకం మార్కుల పిల్లలు అక్కడ ఏమయ్యారో తెలిస్తేనే మాకు పనికొస్తుంది. అందుకే రెండేళ్ల కిందట మామూలు సెక్షన్‌లో చేరిన పిల్లల తల్లిదండ్రుల్ని వెతికి మాట్లాడాం. ర్యాంకుల మాట ఎత్తకుండానే నిద్ర, టెన్షన్, సెక్షన్ మార్చేయడం గురించి చాలా చెప్పారు.

అన్నిటికన్నా కష్టమైనది మనకు ముందే నచ్చినదాన్ని కూడా ఇంతే గట్టిగా అడగడం. నాకు ఇంటి దగ్గరున్న చిన్న కాలేజీ నచ్చింది, హాస్టల్ అక్కర్లేదు కాబట్టి. అక్కడికెళ్లీ అవే ప్రశ్నలు వేశాను. వెళ్లే ముందే ఏ జవాబు వస్తే ఈ కాలేజీ వద్దనుకోవాలో ఒక కాగితం మీద రాసుకున్నాను, ఎందుకంటే జవాబు విన్నాక మనసు దానికి తగ్గట్టు సర్దుకుపోతుంది. మీరు ఇది చేసి చూడండి: ఉద్యోగం మారేటప్పుడైనా, ప్లాట్ కొనేటప్పుడైనా, ముందు రాసుకుని తర్వాత అడగండి.