దూరవిద్యలో విదేశీ ఎల్‌ఎల్‌ఎం: పట్టా వేరు, ప్రాక్టీసు వేరు

ప్రశ్న: న్యాయశాస్త్రంలో పట్టా పొంది, ఒక వాణిజ్య సంస్థ న్యాయ విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగం మానకుండా విదేశీ విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్య ద్వారా ఎల్‌ఎల్‌ఎం చేయాలని ఉంది. తరగతిలో కూర్చుని చదివిన పట్టాతో దీనికి సమాన విలువ ఉంటుందా? దీనితో విదేశంలో ప్రాక్టీసు చేయవచ్చా?

జవాబు: మీరు అడిగిన రెండింటికీ జవాబు ఒకటి కాదు. విద్యార్హతగా చూస్తే, దూరవిద్యలో న్యాయశాస్త్రం చదవడం నిన్న మొన్నటి వింతేమీ కాదు. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే బయటి అభ్యర్థులకు తన పరీక్షల తలుపులు తెరిచింది. నెల్సన్ మండేలా ఇంకా ఖైదీగా ఉండగానే, 1989లో, దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి ఎల్‌ఎల్‌బీ పొందారు. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయమైతే, బోధన లేదా పరిశోధన రంగాల్లో కూడా చదివిన పద్ధతిని గురించి అడిగేవారు ఉంటారు కానీ, పట్టానే కొట్టిపారేసేవారు తక్కువ.

ప్రాక్టీసు సంగతి అలా కాదు. విదేశీ న్యాయ పట్టా ఉన్నవారిలో చాలామంది న్యూయార్క్ బార్ పరీక్షకు (న్యాయవాదిగా అనుమతి పొందడానికి రాసేది) ఎల్‌ఎల్‌ఎం ద్వారానే అర్హత సంపాదిస్తారు. అయితే అందులో కనీసం 24 క్రెడిట్లు అమెరికాలోని ఆమోదిత లా స్కూలు ప్రాంగణంలోనే చదివి ఉండాలని, దూరవిద్య క్రెడిట్లు లెక్కకు రావని అక్కడి నిబంధన చెబుతూ వచ్చింది. ఇంగ్లండులో 2021 నుంచి సొలిసిటర్ (అక్కడి న్యాయవాదుల్లో ఒక తరగతి) కావడానికి ఉన్న అర్హత పరీక్షకు ఎల్‌ఎల్‌ఎం అవసరమే లేదు. అంటే ఒకచోట మీ పట్టా చాలదు, మరొకచోట అక్కరలేదు. అందువల్ల ఫీజు కట్టకముందే, మీరు ప్రాక్టీసు చేయదలచిన చోటి బార్ నియంత్రణ సంస్థకు రాసి, దూరవిద్య పట్టాను అంగీకరిస్తారా, మీ మొదటి న్యాయ పట్టా సరిపోతుందా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. విశ్వవిద్యాలయ ప్రవేశ విభాగం నోటిమాటగా ఇచ్చే భరోసా ఇక్కడ పనికిరాదు.

మీ ఉద్యోగాన్ని బట్టి చూస్తే, అంతర్జాతీయ మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుతో వివాదం తేల్చుకోవడం) మీకు తగిన విషయమని నా అభిప్రాయం. మధ్యవర్తుల తీర్పులను ఇతర దేశాల్లో అమలు చేయడానికి కుదిరిన 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం, ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట సంఘం (అన్‌సిట్రాల్) రూపొందించిన 1985 నాటి నమూనా చట్టం అనేక దేశాల న్యాయ వ్యవస్థలకు ఉమ్మడి ఆధారాలు కాబట్టి, ఎక్కడ కూర్చుని చదివినా ఆ చదువు మీ పనిలో అక్కరకొస్తుంది. ఒకే దేశపు భూచట్టాన్నో కుటుంబ చట్టాన్నో దూరం నుంచి చదివితే ఆ ప్రయోజనం ఉండదు.

ప్రశ్న: ఉద్యోగంతో పాటు చదవడానికి ఎంత సమయం కేటాయించాలి? పరీక్షలకు ఎలా సిద్ధం కావాలి?

జవాబు: బ్రిటన్ లెక్క ప్రకారం మాస్టర్స్ పట్టాకు 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు సుమారు 10 గంటల శ్రమ; మొత్తం 1,800 గంటలు. వారానికి 15 గంటలు చదివితే 120 వారాలు పడుతుంది. ఏడాదిలో ముగించవచ్చునన్న ప్రకటనలను, ముఖ్యంగా ఉద్యోగస్తులు, ఈ లెక్కతో సరిచూసుకోవాలి.

పరీక్షలో ఎక్కువమంది దెబ్బతినేది తెలియక కాదు, తెలిసిందంతా రాయడం వల్ల. ఒక దేశపు అమ్మకందారు, మరో దేశపు కొనుగోలుదారు, మధ్యవర్తిత్వ స్థానం లండన్ అని ఉన్నా మధ్యవర్తిత్వ నిబంధనకు ఏ చట్టం వర్తిస్తుందో చెప్పని ఒప్పందం: ఇలాంటి సమస్య ఇచ్చి సలహా రాయమంటారు. మధ్యవర్తిత్వ చరిత్రంతా రాసిన జవాబు కంటే, ఆ ఒక్క చిక్కుముడిని విప్పిన జవాబుకే మార్కులు వస్తాయి. ఇదే చిక్కు తలెత్తిన ఎన్కా అనే కేసులో 2020లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, ప్రధాన ఒప్పందానికి పార్టీలు ఎంచుకున్న చట్టమే సాధారణంగా ఆ నిబంధనకూ వర్తించేది. ఇంగ్లండులో 2025 మధ్యవర్తిత్వ చట్టం దాన్ని మార్చి, ఆ నిబంధనకు ప్రత్యేకంగా వేరే చట్టాన్ని ఎంచుకోకపోతే మధ్యవర్తిత్వ స్థానం ఉన్నచోటి చట్టమే వర్తిస్తుందని నిర్దేశించింది. పాత విద్యార్థుల నోట్సు చౌకగా దొరికినా కొనవద్దనడం ఇందుకే.

ఇంటి నుంచి రాసే పరీక్షలైతే, కెమెరాతో గదిని, బల్లను చూపమంటారు. మధ్యలో ఇంటర్నెట్ ఆగితే ఏమి చేయాలో నిబంధనల్లో ముందే చదివి ఉంచుకోండి.

ప్రశ్న: మధ్యలో మానేస్తే కట్టిన డబ్బు వృథాయేనా?

జవాబు: అన్నిచోట్లా కాదు. కొన్ని విశ్వవిద్యాలయాలు అప్పటికి పూర్తయిన క్రెడిట్లను బట్టి పీజీ సర్టిఫికెట్ లేదా పీజీ డిప్లొమా ఇస్తాయి. మాడ్యూల్‌కు ఇంతని విడివిడిగా ఫీజు కట్టే వీలున్న చోట చేరడం మేలు. పరీక్షా కేంద్రం రుసుము ట్యూషన్ ఫీజులో కలిసి ఉందో లేదో కూడా అడగండి. చాలాసార్లు దాన్ని వేరుగానే వసూలు చేస్తారు.